ఆరేళ్లుగా వాడుతున్న డిక్కీ బటన్: ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది

ఉండేది నల్లగొండలో. ఆరేళ్లుగా ఒకే హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. దీని డిక్కీకి తాళంచెవి పెట్టే చోటే లేదు. నంబర్ ప్లేట్ పైన, వేలికి మెత్తగా తగిలే రబ్బరు బటన్ ఒక్కటే. తోట నుంచి బత్తాయి సంచులు తెచ్చే రోజుల్లో దాన్ని ఎన్నిసార్లు నొక్కుతానో లెక్కే ఉండదు. రెండు చేతుల్లో సామాను ఉన్నా ఒక వేలు ఆనిస్తే చాలు, అందుకే నాకు నచ్చింది.

ఆ బటన్ లాక్‌ను నేరుగా లాగదు. అదొక చిన్న స్విచ్. నొక్కితే కారు కంట్రోల్ యూనిట్‌కు కబురు పోతుంది. కారు అన్‌లాక్ అయి ఉంటేనే అది డిక్కీ లాక్‌లోని మోటారుకు ఒక్క క్షణం కరెంటు ఇస్తుంది. మోటారు తిరిగితే కొక్కేనికి అడ్డున్న పట్టీ జరిగి, కొక్కెం కడ్డీని వదిలేస్తుంది. మనకు వినపడే 'టక్' అదే. ఆ తర్వాత డోర్ లేచేది మన చేతి సాయంతో, గ్యాస్ రాడ్ల బలంతో.

కిందటేడు అమావాస్యకు చెర్వుగట్టు శివుడి గుడికి పోయినప్పుడు ఆ టక్ వినపడలేదు. వంట సామానంతా డిక్కీలోనే. మిగతా నాలుగు డోర్లు రిమోట్‌తో బాగానే తెరుచుకుంటున్నాయి. "చీకటి పడుతుంది, బియ్యం ఎప్పుడు కడగాలె బిడ్డా?" అని అమ్మ. నాకు టెన్షన్. వెనక సీటు మడిచి లోపలికి పాకాను. ఫోన్ టార్చ్ వేస్తే డోర్ లోపలివైపు ప్లాస్టిక్‌లో చిన్న మూత కనిపించింది. అది ఊడదీసి, లోపలి లివర్‌ను స్క్రూడ్రైవర్‌తో పక్కకు తోస్తే లాక్ వదిలింది. మీ కారులో అది ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి.

మర్నాడు ఒక సర్వీస్ సెంటర్‌లో లాక్ మొత్తం మార్చాలన్నారు, 6 వేల పైచిలుకు. మనసొప్పక తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. ఆయన లాక్ ముట్టుకోలేదు. "నంబర్ ప్లేట్ లైటు సరిగ్గా వెలుగుతుందా అన్నా?" అన్నాడు. రెండు వారాలుగా మిణుకుమిణుకుమంటోంది, బల్బు పోతోందనుకున్నాను. పైకప్పు నుంచి డోర్‌లోకి వైర్లు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగి చూపించాడు. డోర్ తెరిచిన ప్రతిసారీ వంగి వంగి వైర్ల తొడుగు చిట్లింది. ఎర్త్ వైరు పూర్తిగా తెగింది. లైటుకూ మోటారుకూ కరెంటు తిరిగి పోయే దారి అదొక్కటే. కొత్త ముక్క టంకం పెట్టి, మళ్లీ తెగకుండా కాస్త వదులుంచి, 400 తీసుకున్నాడు.

అప్పటి నుంచి ఇబ్బంది లేదు. మన ఎండలకు బటన్ రబ్బరు జిగటగా మారుతోంది. పగిలితే నీళ్లు స్విచ్‌లోకి దిగుతాయి, అందుకే వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ అక్కడ నేరుగా కొట్టనివ్వను. గ్యాస్ రాడ్లు కూడా బలం తగ్గాయి. చలికాలం పొద్దున్నే డోర్ సగం దాకా లేచి కిందికి జారుతోంది. పిల్లలు అక్కడే నిలబడతారు కాబట్టి ఈ నెలలోనే రెండు రాడ్లూ మార్పిస్తున్నాను.