జానపద సినిమాలకు చిన్న ప్రొజెక్టర్: కడప మిద్దె మీద వాడి చూసిన మాట

ఇలాంటి ప్రొజెక్టర్ల మీద వచ్చే సమీక్షలన్నీ క్రికెట్ ఎలా కనబడుతుంది, గేములు ఎలా ఆడొచ్చు, కొత్త సినిమాల రంగులు ఎంత మెరుస్తాయి అనే చెబుతాయి. నేను కొన్నది వాటికి కాదు. కత్తి, కిరీటం, గుహ, మాంత్రికుడు, మాయమయ్యే మనిషి, వీటిలో కనీసం రెండైనా లేకపోతే నాకు సినిమా ముందు కూర్చోబుద్ధి కాదు. పాత జానపదాలు, రాజుల కాలం కథలు, పిల్లల మాయకథలు చూడ్డానికే దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్నా. ఆ చూపుతోనే ఈ నాలుగు మాటలు.

మిషన్ గురించి త్వరగా చెప్పేస్తా. ఆఫర్‌లో రూ.14,000 దాకా పడింది. ఎల్ఈడీ దీపం, ఒకే ఎల్‌సీడీ పలక, అసలు రిజల్యూషన్ (బొమ్మలోని చుక్కల లెక్క) 1080పి. వెలుగు ఎంతో చెప్పడానికి పెట్టె మీద వేలల్లో అచ్చేసే ల్యూమెన్ల అంకెను పట్టించుకోవద్దు. ఆన్సీ ల్యూమెన్లు అని విడిగా రాసి ఉంటే అదొక్కటే లెక్క. నా దానికి 250. ‘4కె సపోర్ట్’ అంటే 4కె వీడియో ఇచ్చినా తీసుకుని, దాన్ని తన రిజల్యూషన్‌కు కుదించి చూపిస్తుందని. అందులో మోసపోయే పని మనకు లేదులెండి, డెబ్బై ఏళ్ల కిందటి సినిమాలకు మనకు దొరికే కాపీల్లో చాలా వాటికి 1080పి కూడా ఎక్కువే. మూలన ఏదో చానల్ గుర్తు, మధ్యలో నిలువు గీతలు, ఒక పాట సగానికి తెగిపోవడం మామూలు. దానికి ప్రొజెక్టర్‌ను తిట్టకూడదు.

అసలు పరీక్ష నలుపు దగ్గర. ‘పాతాళభైరవి’ (1951) గుహ సన్నివేశం వేసి చూడండి. నల్ల దుస్తుల్లో మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు, వెనక చీకటి, పక్కన నీడలు. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే ఆ వెలుగును ముఖం మీద ఎంత కావాలో అంతే వేసి, మిగిలినదంతా చీకటికి వదిలేశాడు. మాంత్రికుడంటే భయం పుట్టేది ఆ వదిలేసిన చోటే. చవక ప్రొజెక్టర్ పెట్టెలోంచి వచ్చినప్పుడు ‘వివిడ్’ మోడ్‌లో ఉంటుంది. అందులో చూస్తే గుహ మొత్తం బూడిద రంగు, మాంత్రికుడి దుస్తులూ గోడా ఒకటే. ‘సినిమా’ మోడ్ పెట్టి, బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, షార్ప్‌నెస్ సున్నా చేసి, కదలికను నున్నగా చేసే ఆప్షన్ ఉంటే ఆపేస్తే అప్పుడు గుహ గుహలాగా కనబడింది. వెలుగు తక్కువైందని మొదట్లో ఇంట్లో గొణిగారు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి అని చెప్పి టైటిల్స్ అయ్యేదాకా ఎవరినీ సెల్లు తీయనివ్వలేదు. అయినా నిజం చెప్పాలి: ఇది ఎల్‌సీడీ, పూర్తి నలుపు దీనికి రాదు. కాస్త పాలిపోయిన నలుపుతోనే సర్దుకోవాలి.

రెండోది చట్రం. ఆ కాలం సినిమా బొమ్మ దాదాపు చతురస్రం, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. మన తెరలన్నీ 16:9. ప్రొజెక్టర్ కూడా, దాని లోపలి యాప్ కూడా ఖాళీ కనబడకూడదని బొమ్మను అడ్డంగా సాగదీస్తాయి, లేదంటే పైనా కిందా కోస్తాయి. సాగదీస్తే ‘మాయాబజార్’ (1957) పడవ పాటలో చంద్రుడు కోడిగుడ్డు అవుతాడు. కోస్తే ఇంకా ఘోరం. జానపదంలో, పౌరాణికంలో సగం మర్యాద తలపైనే ఉంటుంది. మా జేజి ఒకసారి ఘటోత్కచుణ్ణి చూసి, “ఒరే, ఆయప్ప కిరీటం పైన కోసేసినారేందిరా?” అనింది. సెట్టింగ్స్‌లో యాస్పెక్ట్ అని ఉన్నచోటికి వెళ్లి 4:3 గానీ ‘ఒరిజినల్’ గానీ పెట్టుకోవాలి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రానీయండి. కొన్నిసార్లు అప్‌లోడ్ చేసినవాళ్లే సాగదీసి పెట్టి ఉంటారు, అప్పుడు మన చేతిలో ఏమీ లేదు, వేరే కాపీ వెతుక్కోవడమే. బొమ్మను వంద అంగుళాలకు పెంచొచ్చు గానీ వెలుగు పలచబడుతుంది, ఈ సినిమాలకు ఎనభై దగ్గర ఆపితే బాగుంటుంది. కీస్టోన్ బటన్‌తో వంకర సరిచేస్తే మూలలు మసకబారతాయి కాబట్టి మిషన్‌ను గోడకు ఎదురుగా, సరైన ఎత్తులో ఒక స్టూలు మీద పెట్టడమే మేలు.

మేము చూసేది మిద్దె మీద, మెట్లగది గోడకు. తెల్లగుడ్డ కట్టి చూశాం, గాలికి రాజమహళ్లన్నీ ఊగాయి. గోడకు మెరుపు లేని తెల్ల రంగు వేయించాక ఆ బాధ పోయింది. మా ఊరి బండలు ఇక్కడ బాగా కలిసొచ్చాయి. మిద్దెంతా నల్ల కడప బండలు పరిచి ఉంటుంది, గోడ మీది వెలుగు కింద పడి మళ్లీ గోడకు కొట్టదు. ఇంట్లో తెల్ల టైల్స్ మీద వేసినదానికంటే ఇక్కడ నలుపు మెరుగ్గా కనబడడానికి సగం కారణం అదే. కష్టం కూడా ఆ బండలతోనే. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై దాటిన రోజు రాత్రి తొమ్మిదైనా వాటి మీద కూర్చోలేం. సాయంత్రమే రెండు బిందెల నీళ్లు చల్లాలి. మిషన్‌ను బండ మీద అసలు పెట్టకండి, ఒకట్రెండు సార్లు వేడి ఎక్కువైందని తనంతట తానే ఆగిపోయింది. దాని ఫ్యాను మోత గదిలో వినబడుతుంది గానీ బయట వీధిలో ఆటోల చప్పుడు ముందు అదొక లెక్క కాదు.

దాని స్పీకరు పనికిరాదు. పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు వినడానికే సగంమంది ఈ సినిమాలు చూస్తారు, ఆ మాటల్లో ఒక్క అక్షరం మింగేసినా నవ్వు పోతుంది. బ్లూటూత్ స్పీకరు కలిపితే పెదాలు ముందు, మాట వెనక. పాత రికార్డింగులో మాట అంచులు ముందే అరిగిపోయి ఉంటాయి, దానికి ఈ ఆలస్యం తోడైతే జేజికి కథ అందదు. మామూలు ఆక్స్ వైరుతో ఒక పాత హోమ్ థియేటర్ పెట్టె కలిపి, బేస్ తగ్గించి పెట్టుకున్నాం. బేస్ తగ్గిస్తే ఘంటసాల గొంతూ, డైలాగూ రెండూ తేటపడతాయి.

‘మాయాబజార్’ను 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు కదా, పిల్లలు అదే అడుగుతారు. రెండూ ఈ గోడ మీదే చూశాం. రంగుల్లో పెళ్లి భోజనం బాగుంటుంది, నగలు మెరుస్తాయి. వెన్నెల మాత్రం నలుపు తెలుపులోనే బాగుంటుంది. బార్ట్లే ఆ వెన్నెలను బూడిద రంగుల మెట్లతో కట్టాడు, దాని మీద నీలం పూస్తే అది రాత్రి పూట వేసిన పెళ్లి పందిట్లో లైటింగే. నా ఓటు నలుపు తెలుపుకే, ఇంట్లో మాత్రం నేను మైనారిటీ.

‘మల్లీశ్వరి’ (1951) ఈ మిషన్ మీద నాకు అన్నిటికంటే నచ్చింది. రాయల కాలం కథ అయినా యుద్ధం లేదు, గారడీ లేదు. వానలో పాత మండపంలో తలదాచుకునే ఆ రాత్రి సన్నివేశం టీవీలో ఎన్నోసార్లు చూశాను గానీ, స్తంభాల మధ్య చీకటి ఎంత లోతుగా ఉందో మిద్దె మీదే తెలిసింది. దాన్ని తీసిన బి.ఎన్.రెడ్డి మా జిల్లా వారే. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ నిర్మించిన విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన నాగిరెడ్డి ఆయన తమ్ముడు. ఆ రెండిటికీ దర్శకుడైన కె.వి.రెడ్డిది పక్కన తాడిపత్రి ప్రాంతం. తెలుగువాళ్లకు వెన్నెలనూ, మహళ్లనూ, పడవ విహారాలనూ ఇచ్చినవాళ్లు వాన ముఖం చూడని ఈ ఊళ్ల నుంచి వెళ్లారనేది నాకు ఇప్పటికీ వింతే. ఈ మాట మా పిల్లలకు చెప్పినప్పటి నుంచి గండికోటకు వెళ్తే అక్కడ ఏ గోడ పక్కన ఏ మాంత్రికుణ్ణి నిలబెట్టాలో వాళ్లే చెబుతున్నారు.

విఠలాచార్య సినిమాలకు మాత్రం పెద్ద బొమ్మ కొంచెం అన్యాయం చేస్తుంది. ‘జగన్మోహిని’ (1978) లాంటివాటిలో దెయ్యాలు, అస్థిపంజరాలు చిన్న టీవీలో భయపెట్టినంతగా గోడ మీద భయపెట్టవు, ఎక్కడ అతికారో కంటికి దొరికిపోతుంది. పిల్లలు నవ్వుతారు. నాకు అలా దొరికిపోవడమే ఇష్టం. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇంత చేశారా అనిపిస్తుంది, తిరిగి వేసి ఆ ముక్కే మళ్లీ చూస్తాం.

అనుకోని వాడకం ఒకటి ఉంది. మా ఇంట్లో ‘చందమామ’ బైండు పుస్తకాలు కొన్ని మిగిలాయి. నాగిరెడ్డి, చక్రపాణిలే 1947 జులైలో మొదలుపెట్టిన పత్రిక అది. కాగితం పొడైపోతోంది, పిల్లల చేతికి ఇవ్వలేం. పేజీలను ఫోన్‌తో ఫొటోలు తీసి, గోడ మీద వేసి, వంతులవారీగా చదివిస్తాం. వడ్డాది పాపయ్య ముఖచిత్రం ఎనభై అంగుళాల్లో పడితే ఆ చీర అంచులోని పనితనం అప్పుడే కనబడుతుంది. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది, గోడంతా అదే ఉంటే చిన్నది నా ఒళ్లోకి చేరుతుంది. అక్షరాలకు మాత్రం అంచులు పదునుగా రావు, అందుకని పేజీని సగం సగంగా తీయాలి.

ఇక లోపాలు. మా దుమ్ముకు రెండో ఎండాకాలంలోనే బొమ్మలో ఒక మసక చుక్క మొదలైంది, పలక మీద ధూళి చేరితే అంతే. పగటి సన్నివేశాల్లో తెలియదు, చీకటి గుహలో మాంత్రికుడి నుదుటి పక్కన నిలబడుతుంది. అమ్మిన కంపెనీకి మెయిలు పెడితే వారంటీ అయిపోయిందన్నారు. ఊళ్లో టీవీలు బాగుచేసే ఆయన విప్పి, గాలి కొట్టి, మూసి ఇచ్చాడు, పోయింది. కొనేటప్పుడు లోపలి కటకాల భాగం మూసి ఉన్న మోడలేనా అని అడగండి, రెండు వేలు ఎక్కువైనా పర్లేదు. కొన్ని ఓటీటీ యాప్‌లు దీంట్లో నేరుగా ఆడవు, ఆడినా తక్కువ నాణ్యతలోనే. ఆ యాప్‌లను ఆడించే స్టిక్ ఒకటి విడిగా పెట్టుకోవాలి.

మా అమ్మాయి కొరియా రాజుల సీరియళ్లు చూస్తుంది. పట్టు దుస్తుల రంగుల కోసమే చూసేవాళ్లకు ఈ మిషన్ చాలదు, ఇంట్లో టీవీయే మేలు. ‘బాహుబలి’ లాంటివి థియేటర్లో చూసిన కంటికి కూడా ఇది ఆనదు. కరెంటు విషయంలో పేచీ లేదు, వంద వాట్ల లోపే తింటుంది, మా ఇన్వర్టర్ మీద మూడు గంటల సినిమా మధ్యలో బొరుగుల కోసం ఆపినా సరిపోయింది. స్పీకరు పెట్టెను మాత్రం ఇన్వర్టర్ లైనులోనే కలపడం మరిచిపోకండి, లేదంటే కరెంటు పోయినప్పుడు మాంత్రికుడు నోరు ఆడిస్తుంటాడు, మంత్రం వినబడదు.