ఎర్ర గ్రావెల్ నేలకు మెటల్ డిటెక్టర్ కొనేవాళ్ళకి ఒక మాట

బంగారం కోసం డిటెక్టర్ కొందామనుకునేవాళ్ళు ముందు అడిగేది ఎంత లోతు చూస్తుందని. మా ఒడిశా రాయగడ వైపు నేలకి అడగాల్సింది అది కాదండీ, గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఇనుము వల్ల వచ్చే శబ్దాన్ని అణిచే సర్దుబాటు, చేత్తో తిప్పుకునే నాబ్ ఉందా లేదా అని. నాది 40 కిలోహెర్ట్జ్ పైన పనిచేసే వీఎల్ఎఫ్ రకం, అంటే ఆగకుండా తరంగాలు పంపే మామూలు డిటెక్టర్, చాలాకాలంగా వాడుతున్నాను, ఆ ఒక్క నాబ్ కోసమే దీన్ని వదల్లేకపోతున్నాను.

ఇక్కడ కొండల మీద బాక్సైట్, కింద ఇనుము నిండిన ఎర్ర గ్రావెల్. కాయిల్ (కర్ర చివర నేల మీద ఊపే చక్రం) దించగానే నేలే మోగుతుంది. ఆటోమేటిక్‌లో పెడితే మెషీన్ తనంతట తనే సెన్సిటివిటీ తగ్గించుకుని ఊరుకుంటుంది, మనం కింద ఏమీ లేదనుకుని ముందుకెళ్ళిపోతాం.

మా వీధిలో పిన్ని ఒకావిడ చోడి చేలో కలుపు తీస్తుంటే పసుపుతాడు తెగింది. ఒక పుస్తె దొరికింది, రెండోది లేదు. ఆటోమేటిక్‌లో ఆ మడంతా తిరిగినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు శబ్దం రాని చోట నిలబడి, కాయిల్‌ని మోకాలి ఎత్తు నుంచి నేల దాకా పైకీ కిందకీ ఆడిస్తూ, రెండు చోట్లా ఒకే శబ్దం వచ్చేదాకా నాబ్ తిప్పాను. నాలుగడుగులేస్తే మట్టి రంగు మారేది, మళ్ళీ తిప్పడమే. మాత్రల రేకులు, మేకు ముక్కలు బోలెడు వచ్చాయి. రేకు శబ్దం ఆపేసే సెట్టింగ్ ఉంది కానీ చిన్న బంగారానికీ రేకుకీ మెషీన్ తెర మీద దాదాపు ఒకే నంబర్ వస్తుంది, అది పెడితే పుస్తె కూడా పోతుంది. చివరికి గట్టు పక్కన ఎటు నుంచి ఊపినా ఒకేలా పొట్టిగా, తేటగా ఒక శబ్దం. బెత్తెడు లోతులో ఎర్ర మట్టి పెళ్ళ.

"ఇదీ రేకేలే బాబూ, ఎండ నెత్తికెక్కింది, వచ్చేయ్" అంది పిన్ని. పెళ్ళని చేతిలో చిదిపితే పుస్తె అంచు కనబడింది. ఆవిడ కొంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది.

లోతు బాగా చూస్తుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి, అది నాగావళి ఇసుక మాట. గ్రావెల్‌లో అందులో సగం కూడా ఉండదు. సన్న గొలుసులైతే పక్కనే ఉన్నా పట్టదు, గొలుసులో ఒక్కో లింకు అంత చిన్నది కదా.

ముడి బంగారం కోసం అయితే వేరే లెక్క. సువర్ణరేఖ నది ఇసుకలో దొరికే పిండిలాంటి రేణువులు ఏ కాయిల్‌కీ అందవు, అక్కడివాళ్ళు చెక్క పళ్ళెంలో కడిగే తీస్తారు. ఇలాంటి నేలలో గడ్డల కోసమైతే పల్స్ ఇండక్షన్ రకం (తరంగాలని ఆగి ఆగి పంపేది) మేలు, కాకపోతే ధర ఎక్కువ, ప్రతి మేకూ తవ్వాల్సిందే. లైసెన్స్ లేకుండా ఖనిజం వెతకకూడదు, పాత నిధి దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకి చెప్పాలి.

ఇసుకలో ఉంగరాలు వెతకడమే మీ పనైతే ఆటోమేటిక్ చాలు, నాబ్ తిప్పే గోల ఉండదు. నేను తిరిగేదంతా గ్రావెల్ చేలల్లో, పైగా తెలిసినవాళ్ళ వస్తువుల కోసం, కాబట్టి మళ్ళీ కొనాల్సొస్తే ఇదే రకం కొంటాను, ఈసారి చిన్న కాయిల్ కూడా తీసుకుంటాను.