హైడ్రోజన్ షేర్లు: ప్లగ్ పవరా, లిండేనా?

రెండూ హైడ్రోజన్ అమ్మేవే, కానీ డబ్బు వచ్చే దారులు వేరు.

అమెరికా కంపెనీ ప్లగ్ పవర్ గోదాముల్లోని ఫోర్క్‌లిఫ్ట్‌లకు (సరుకులెత్తే బండ్లకు) హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్స్, నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్లు తయారుచేస్తుంది. 2021 జనవరిలో షేరు 70 డాలర్లు దాటింది; 2025లో ఒక్క డాలరు కిందికి జారింది. అమ్మకాలున్నా ఏటా నష్టమే. ఆ లోటు పూడ్చడానికి కొత్త షేర్లు అమ్ముతూ పోవడంతో పాతవాళ్ల వాటా పలచబడింది. నన్నడిగితే, ధర కన్నా ముందు చూడాల్సింది ఇదే.

లిండేది పాత పారిశ్రామిక గ్యాసుల వ్యాపారం. ఆక్సిజన్, నైట్రోజన్ అమ్మకాలు, దీర్ఘకాల ఒప్పందాలు, డివిడెండ్లు. టెన్షన్ తక్కువ. అయితే దాని హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు నుంచి వచ్చేదే, వెంట కార్బన్ డయాక్సైడ్ కూడా. పర్యావరణం కోసమే కొనేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు.

రిటైర్మెంట్ డబ్బైతే నేను లిండే వైపే. ప్లగ్‌లో పెడితే, పోయినా పర్వాలేదనుకున్నంతే.