ఎనిమిది డివిజన్లు, ఎనిమిది పేర్లు: నిరుటి పట్టికా, పాయింట్ల లెక్కా, బెట్టింగ్ ధరా?

ఆగస్టు ఆఖరి వారంలో మా ఆఫీసులో ఒక షీటు తిరుగుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మొదలయ్యేలోపు ఎనిమిది డివిజన్లలో ఎవరెవరు మొదటి స్థానంలో నిలుస్తారో రాసివ్వాలి. ఏ పేరు మీద ఎంత నమ్మకముందో చెప్పడానికి 8 నుంచి 1 దాకా అంకెలు కూడా వేయాలి. 8 వేసిన జట్టు గెలిస్తే ఎనిమిది పాయింట్లు, 1 వేసిన జట్టు గెలిస్తే ఒక్కటే. డబ్బు పందెం ఏమీ లేదు. జనవరిలో అట్టడుగున తేలినవాళ్లు అందరికీ లంచ్ పెట్టించాలి. రెండుసార్లు నేనే పెట్టించాను.

మేముండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయమూ, ప్రాక్టీసు మైదానమూ ఈ ఊళ్లోనే. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊరు కూడా. అందుకని ఆగస్టులో ఇక్కడ ఎవరిని కదిపినా ఈసారి డాలస్‌దే అంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ గాలికి కొట్టుకుపోయి మొదటిసారి డాలస్ పక్కన 8 వేశాను. ఆ తర్వాత బుద్ధొచ్చి, ఈ ఊహలు కట్టే పద్ధతుల్లో ఏది మేలో కూర్చుని లెక్క చూశాను.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఐపీఎల్‌లాగా అందరికీ కలిపి ఒకే పట్టిక ఉండదు. 32 జట్లు, ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అని రెండు కాన్ఫరెన్సులు, ఒక్కో దానిలో ఈస్ట్, నార్త్, సౌత్, వెస్ట్ అని నాలుగేసి డివిజన్లు, డివిజన్‌కు నాలుగు జట్లు. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ వచ్చినప్పటి నుంచి ఇదే అమరిక. ఒక్కో జట్టు (2021 నుంచి) 17 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో ఆరు తన డివిజన్‌వాళ్లతోనే. డివిజన్ గెలిస్తే ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయం, కనీసం ఒక మ్యాచ్ సొంతగడ్డ మీద.

అన్నిటికంటే సులువైన పద్ధతి నిరుటి పంచాంగం. పోయినేడాది గెలిచిన ఎనిమిది పేర్లూ దించేయడమే. వినడానికి బద్ధకపు పనిలా ఉంటుంది కానీ ఫలితం మరీ చెడ్డగా లేదు. 2020 నుంచి 2024 దాకా ఐదు సీజన్లు తీసుకుని వేళ్ల మీద లెక్కపెట్టాను. ముందు ఏడాది విజేతే మళ్లీ గెలిచిన డివిజన్లు వరుసగా మూడు, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు. మొత్తం నలభైలో 21. సగం కంటే ఒకటి ఎక్కువ.

ఆ 21లో తొమ్మిది రెండు జట్లవే. కాన్సాస్ సిటీ చీఫ్స్ 2016 నుంచి 2024 దాకా వరసగా తొమ్మిదిసార్లు ఏఎఫ్‌సీ వెస్ట్ గెలిచింది. బఫెలో బిల్స్ 2020 నుంచి ఐదేళ్లు ఏఎఫ్‌సీ ఈస్ట్‌ను ఎవరికీ ఇవ్వలేదు. వాళ్లు ఉన్న గళ్లలో పంచాంగం చూసినా చూడకపోయినా ఒకటే. అదే ఎన్‌ఎఫ్‌సీ ఈస్ట్‌కు రండి: 2004లో ఫిలడెల్ఫియా ఈగల్స్ వరసగా నాలుగోసారి గెలిచాక 2024 వరకు ఒక్క జట్టు కూడా రెండేళ్లు వరసగా గెలవలేదు. ఇరవై ఏళ్లు! అక్కడ పంచాంగం చూసి పేరు రాసినవాడు ఇరవైసార్లు తప్పే రాశాడు.

ఈ పద్ధతికున్న అసలు జబ్బు, మధ్యలో మనుషులు మారారన్న సంగతి దానికి తెలియకపోవడం. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 2009 నుంచి 2019 దాకా పదకొండేళ్లు వరసగా తమ డివిజన్ గెలిచారు. 2020 మార్చిలో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) టామ్ బ్రేడీ టాంపా బే జట్టుకు వెళ్లిపోయాడు. ఆ ఏడాది పేట్రియట్స్ 7-9తో, అంటే ఏడు గెలిచి తొమ్మిది ఓడి, మూడో స్థానం.

రెండోది నాకు బాగా నచ్చిన పద్ధతి, పాయింట్ల లెక్క. జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలిచిందో పక్కనపెట్టి, సీజన్ మొత్తంలో ఎన్ని పాయింట్లు కొట్టింది, ఎన్ని ఇచ్చింది అని చూస్తారు. ఆ రెండంకెల నుంచి జట్టుకు ఎన్ని గెలుపులు రావాలో లెక్కగట్టే సూత్రమిది, బేస్‌బాల్ కోసం బిల్ జేమ్స్ కట్టింది. తర్వాత డారిల్ మోరీ అందులోని ఘాతాంకాన్ని 2.37గా మార్చి ఫుట్‌బాల్‌కు సరిపెట్టాడు. ఆలోచన మాత్రం మన ఇళ్లలో చెప్పుకునేదే: చావుతప్పి కన్నులొట్టపోయి గెలిచిన గెలుపులు ఏటేటా రావు.

2022లో మిన్నెసోటా వైకింగ్స్‌ను చూడండి. 13 గెలిచి, 4 ఓడి, ఎన్‌ఎఫ్‌సీ నార్త్‌ను సునాయాసంగా కొట్టుకుపోయింది. కానీ కొట్టిన పాయింట్లు 424, ఇచ్చినవి 427. పదమూడు గెలిచిన జట్టు మొత్తం మీద మూడు పాయింట్లు వెనకే ఉంది! ఎనిమిది పాయింట్లలోపు తేడాతో ముగిసిన మ్యాచ్‌లు పదకొండు వస్తే పదకొండూ తనవే. సూత్రంలో వేస్తే ఆ జట్టుకు రావలసినవి ఎనిమిదిన్నర గెలుపులు కూడా కావు. మరుసటి ఏడాది 7-10. అందులో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్ మడమ స్నాయువు తెగడం వాటా కూడా ఉంది, కాదనను. అదే 2022లో డెట్రాయిట్ లయన్స్ 1-6తో మొదలై, మిగతా పదిలో ఎనిమిది గెలిచి, 9-8తో ముగించింది. ప్లేఆఫ్స్‌కు రాలేదు కానీ పాయింట్ల తేడాలో మిన్నెసోటా కంటే పైనే ఉంది. 2023లో 12-5తో డివిజన్ గెలిచింది, 1993 తర్వాత మొదటిసారి.

ఈ కథ చదివి నేను పాయింట్ల లెక్కకు భక్తుణ్ణయ్యాను. ఏడాది తిరక్కుండానే భక్తి దిగింది. 2023లో ఈగల్స్ 10-1తో మొదలుపెట్టి, చివరి ఆరింటిలో ఐదు ఓడింది. కొట్టినవి 433, ఇచ్చినవి 428. సూత్రం ప్రకారం అది నడిమి తరగతి జట్టు. 2024కు పక్కన పెట్టేశాను. వాళ్లేమో డిఫెన్స్‌కు కోచ్‌గా విక్ ఫాంజియోను తెచ్చుకున్నారు, పోటీ జట్టు జయంట్స్ వదులుకున్న సేక్వాన్ బార్క్‌లీని తీసుకున్నారు. అతను బంతి పట్టుకుని 2,005 గజాలు పరుగెత్తాడు. ఈగల్స్ 14-3. ఆ ఏడాది లంచ్ నాదే. పాయింట్ల లెక్క ఎవరు అదృష్టం మీద నడిచారో చెబుతుంది, వేసవిలో ఎవరు ఇల్లు సర్దుకున్నారో దానికి కనిపించదు.

క్వార్టర్‌బ్యాక్‌ను చూసి రాయడం మూడో దారి. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మంచి క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టును ఎంచుకోమని చెప్పేవాళ్లు, సెప్టెంబరులో అతని కాలికి ఏమవుతుందో చెప్పలేరు. 2023లో ఆరన్ రాడ్జర్స్ వచ్చాడని న్యూయార్క్ జెట్స్ మీద దేశమంతా ఆశ పెట్టుకుంది. మొదటి మ్యాచ్‌లో నాలుగో స్నాప్‌కే (బంతి నాలుగోసారి ఆటలోకి రాగానే) మడమ పట్టుకుని కూర్చున్నాడు. జెట్స్ 7-10. అదే ఏడాది కొత్తగా లీగ్‌లోకి వచ్చిన కుర్రాడు సీజే స్ట్రౌడ్, ముందు ఏడాది మూడే గెలిచిన హ్యూస్టన్‌ను 10-7తో డివిజన్ విజేతను చేశాడు.

ఇక బెట్టింగ్ ధరలు. ఆంధ్ర, తెలంగాణల్లో ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం. అమెరికాలో 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఏ రాష్ట్రం ఇష్టం దానిది, టెక్సాస్ ఇంకా ఒప్పుకోలేదు. అయితే పందెం కట్టకుండా ధర చూడడానికి ఏ చట్టమూ అడ్డురాదు. ప్లస్ 150 అని ఉంటే వంద డాలర్లు పెడితే నూటయాభై లాభం అని, అంటే ఆ జట్టుకు 40 శాతం అవకాశమని. మైనస్ 150 అంటే వంద లాభం కోసం నూటయాభై పెట్టాలి, 60 శాతమన్నమాట. డివిజన్‌లోని నాలుగు జట్ల శాతాలూ కలిపితే నూరు దాటుతుంది. ఆ పైది దుకాణదారు వాటా.

ఇంత డబ్బు తిరిగే చోట పుట్టిన ధర నిరుటి పంచాంగాన్ని చిత్తుగా ఓడిస్తుందని అనుకున్నాను. 2023 తీసుకుని పోల్చాను. ధరల ప్రకారం ముందున్నవి బఫెలో, సిన్సినాటి, జాక్సన్‌విల్, కాన్సాస్ సిటీ, ఫిలడెల్ఫియా, డెట్రాయిట్, న్యూ ఓర్లీన్స్, శాన్ ఫ్రాన్సిస్కో. గెలిచినవి నాలుగు. పంచాంగం కూడా నాలుగే! తేడా వచ్చింది రెండు గళ్లలో. ధర డెట్రాయిట్‌ను పట్టుకుంది, పంచాంగం టాంపా బేను పట్టుకుంది. బ్రేడీ రిటైరయ్యాడు కాబట్టి టాంపా పని అయిపోయిందని మార్కెట్ అనుకుంది. కొత్త క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ 9-8తో గెలిపించాడు.

2024లో మళ్లీ అదే తంతు. ఎన్‌ఎఫ్‌సీ ఈస్ట్‌లో మార్కెట్ ఈగల్స్ అంది, ఒప్పు. పంచాంగం డాలస్ అంది, తప్పు. సౌత్‌లో మార్కెట్ కజిన్స్‌ను తెచ్చుకున్న అట్లాంటా అంది. అట్లాంటా ఆ ఏడాది టాంపా బేను రెండుసార్లూ ఓడించింది, అయినా 8-9 దగ్గర ఆగిపోయింది. డివిజన్ టాంపా బేకే పోయింది. వెస్ట్‌లో ఇద్దరూ శాన్ ఫ్రాన్సిస్కో అన్నారు, ఇద్దరూ బోల్తా. బంతితో పరుగెత్తే వాళ్ల ముఖ్య ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీ మొదటి ఎనిమిది మ్యాచ్‌లకు లేడు, జట్టు 6-11కు దిగిపోయింది. అక్కడ లాస్ ఏంజెలెస్ రామ్స్, సియాటిల్ సీహాక్స్ చెరో 10-7తో సమానం. ఒకరి మీద ఒకరు చెరొకటి గెలిచారు. తాము ఓడించిన జట్లకు మొత్తం ఎన్ని గెలుపులున్నాయన్న లెక్క దాకా వెళ్లి రామ్స్‌కు ఇచ్చారు. దాన్ని ఆగస్టులో ఊహించగలిగినవాడు మా ఆఫీసులో పనిచేయడు.

మరి ధర చూడడం దండగా? మా షీటు పేర్లతో ఆగిపోతే దాదాపు దండగే అనేవాణ్ణి. కానీ పక్కన 8 నుంచి 1 దాకా అంకెలున్నాయి. పంచాంగానికి కాన్సాస్ సిటీ, టాంపా బే రెండూ ఒకటే, రెండూ నిరుటి విజేతలు. ధర మాత్రం తనకెంత నమ్మకముందో కూడా చెప్పేస్తుంది. మైనస్‌లో ఉన్న జట్లకు పెద్ద అంకెలు వేసి, ప్లస్ 150 దాటినవాటికి 1, 2, 3 వేస్తే తప్పులు ఎక్కడ జరిగినా చవగ్గా జరుగుతాయి. నేను రెండుసార్లు అడుగున తేలింది పేర్లు తప్పినందుకు కాదు, తప్పిన పేర్ల పక్కన 8, 7 వేసినందుకు.

ఇంకో ఆశ కూడా చాలామందిని ముంచుతుంది. 2020లో వాషింగ్టన్, 2021లో సిన్సినాటి, 2022లో జాక్సన్‌విల్, 2023లో హ్యూస్టన్, నాలుగేళ్లు వరసగా ఏదో ఒక డివిజన్‌లో ముందు ఏడాది ఆఖరున ఉన్న జట్టే మొదటికి వచ్చింది. కాబట్టి ఈసారీ ఒకటి వస్తుందని, దాన్ని తామే పట్టుకోవాలని ప్రతివాడికీ ఉబలాటం. రావచ్చు. ఆఖరు జట్లు ఎనిమిదున్నాయి మరి. 2024లో ఒక్కటీ రాలేదు. కింది జట్టుకు సులువైన షెడ్యూల్ ఇస్తారన్న వాదన కూడా పెద్దది చేసి చెబుతారు. నిరుటి స్థానాన్ని బట్టి మారేవి 17లో మూడు మ్యాచ్‌లే.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఎనిమిది పేర్లూ, వాటి అంకెలూ ముందు ధర చూసి వేస్తాను. తర్వాత పాయింట్ల లెక్క తీసి, నిరుడు గెలుపులు ఎక్కువ, పాయింట్ల తేడా తక్కువ ఉన్న జట్టు ఏదైనా పై అంకె దగ్గర కూర్చుందేమో చూస్తాను. ఉంటే రెండు మెట్లు దించుతాను, పేరు మాత్రం కొట్టేయను. రెండు జట్ల ధరలు దాదాపు ఒకటే అయినప్పుడు నిరుటి విజేతకు ఓటు. టాంపా బే నేర్పిన పాఠం అది. పాతికమంది ఆడే పోటీలో అందరూ ఇదే చేస్తే అందరికీ అవే మార్కులు వస్తాయి కాబట్టి, ఒక్క గడిలో ధరకు ఎదురెళ్తాను. అదీ ముందున్న జట్టుకే సగం అవకాశం లేని డివిజన్‌లో, రెండో జట్టు పేరుతో.

ఎన్‌ఎఫ్‌సీ ఈస్ట్ గడిలో మాత్రం ధర ఏం చెప్పినా డాలస్ అని రాసి, పక్కన 1 వేస్తాను. పోతే ఒక్క పాయింటు. ఫ్రిస్కోలో ఉంటూ బ్రేక్‌రూమ్‌లో నలుగురితో కలిసి టీ తాగాలి కదా.