గిట్ వర్క్‌ట్రీ: నాలుగు నెలలు వాడాక

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రా వచ్చేస్తుంది. ఇంటి నుంచే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ పని చేస్తాను. మా ప్రాజెక్టు మొదటి నుంచి బిల్డ్ చేస్తే, అంటే కోడ్‌నంతా కంపైల్ చేసి నడిచే ప్రోగ్రాముగా మారిస్తే, నా ల్యాప్‌టాప్ మీద 35 నిమిషాలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే అంత లోడుకి బ్యాటరీ ఆగదు. అందుకే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) బ్రాంచి, అంటే అదే కోడ్‌కి ఇంకో వెర్షన్, మార్చాలంటే టెన్షన్‌గా ఉండేది. ఆ టెన్షన్ తగ్గించింది వర్క్‌ట్రీ: రెండు బ్రాంచీలను రెండు ఫోల్డర్లలో ఒకేసారి ఉంచుకునే గిట్ సదుపాయం.

బ్రాంచి మార్చినప్పుడు గిట్ తేడా ఉన్న ఫైళ్లనే తిరగరాస్తుంది, వాటి మీద మారిన సమయంగా ఆ క్షణమే నమోదవుతుంది. బిల్డ్ నడిపే టూల్ మేక్ చూసేది ఆ టైమే, లోపల ఏముందో చూడదు. అన్ని ఫైళ్లూ ఇన్‌క్లూడ్ చేసుకునే ఒక్క హెడర్ (ఉమ్మడిగా వాడే కోడ్ ఫైలు) రెండు బ్రాంచీల్లో వేరుగా ఉందంటే చాలు, అలా వెళ్లి ఇలా వచ్చినా మళ్లీ 35 నిమిషాలే. పైగా గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) ఉన్న బిల్డ్ ఫోల్డరును గిట్ ముట్టుకోదు. ఓసారి పాత బ్రాంచిలో జనరేట్ అయిన హెడర్ అక్కడే ఉండిపోయి, నా దగ్గర బిల్డ్ అయిన కోడ్ సర్వర్లో ఫెయిలైంది. రాత్రి పదకొండు దాకా వెతికాను. చిరాకేసి, గిట్ లెక్కలో లేని ఫైళ్లను తుడిచేసే గిట్ క్లీన్ కమాండ్‌కి ఎఫ్, డీ, ఎక్స్ ఆప్షన్లు మూడూ పెట్టి కొట్టాను. ఎక్స్ ఉంటే ఇగ్నోర్ చేసినవీ పోతాయి. నా సెట్టింగుల ఫైలు కూడా పోయింది.

వర్క్‌ట్రీ 2015లో గిట్ 2.5తోనే వచ్చింది. ఇన్నాళ్లూ వాడనందుకు బాధగా ఉంది. ‘గిట్ వర్క్‌ట్రీ యాడ్’ అని ఫోల్డరు పేరు, బ్రాంచి పేరు ఇస్తే పక్కనే ఇంకో ఫోల్డరు వస్తుంది. హిస్టరీ రెండింటికీ ఒకటే, మళ్లీ ప్రాజెక్టంతా క్లోన్ (కాపీ) చేయక్కర్లేదు. రిలీజ్‌కి ఒక ఫోల్డరు, నా పనికి ఒకటి, దేని బిల్డ్ దానిదే. మొన్న భోజనానికి కూర్చోబోతుంటే రిలీజ్‌లో బగ్ అని ఫోన్ వచ్చింది. ఆ ఫోల్డర్లోకి వెళ్లి సరిచేస్తే కంపైలైనవి రెండే ఫైళ్లు. అన్నం చల్లారలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒకే బ్రాంచిని రెండు చోట్ల తెరవనివ్వదు. ఇగ్నోర్ చేసిన సెట్టింగుల ఫైళ్లు కొత్త ఫోల్డర్లోకి రావు, మనమే కాపీ చేసుకోవాలి. బిల్డులు రెండు కాబట్టి డిస్కు కూడా రెట్టింపు తింటుంది. పనయ్యాక ఫోల్డరును చేత్తో డిలీట్ చేయకుండా ‘వర్క్‌ట్రీ రిమూవ్’ వాడండి, లేకపోతే గిట్ లెక్కలో అది ఉండిపోతుంది.

కొత్త ఫోల్డర్లో మొదటి బిల్డ్ మాత్రం తప్పదు. దానికి సీక్యాష్ తోడు పెట్టాను, ఒకసారి కంపైలైన ఫలితాలను దాచి మళ్లీ ఇచ్చే టూల్ అది. అది టైమ్‌ని కాకుండా ఫైల్లో ఉన్నదాన్ని చూస్తుంది. ఫోల్డర్ల పాత్‌లు వేరు కాబట్టి బేస్ డైరెక్టరీ సెట్టింగు ఇవ్వాలి, డీబగ్ బిల్డయితే ఫోల్డరు పాత్‌ను కూడా లెక్కలోకి తీసుకునే హ్యాష్ డైర్ సెట్టింగునూ ఆపాలి. ఈ రెండూ చేశాకే ఒక ఫోల్డరు క్యాష్ రెండోదానికి అందింది.