ఎమర్జెన్సీ బ్రేక్ లైనింగ్ కొంటున్నారా? అంచు చూడకుండా డబ్బులియ్యకండి

వరంగల్, కరీంనగర్ దిక్కు క్వారీల్లో లోడర్లు, డంపర్లు నడిపేవాళ్లు జర జాగ్రత్త. లైనింగ్ అంటే బ్రేకు షూకు బిగించే పొర, తిరిగే డ్రమ్‌ను ఒరుసుకుని పట్టి ఆపేది అదే. "ఒరిజినల్‌కు తక్కువేం కాదన్నా" అంటూ అంటగడుతున్న లోకల్ లైనింగ్ సెట్టులో ఏ ముక్క అంచు మీదా కోడ్ లేదు, రివిట్లేమో ఇనుపవి. కొద్దిరోజులకే లైనింగ్ అద్దంలా నునుపెక్కింది, డ్రమ్ మీద గోరు దిగేంత గాట్లు పడ్డాయి.

రెజిన్ (జిగురు)తో ముద్దకట్టిన సాధారణ లైనింగ్ 250–350 డిగ్రీల దగ్గర కాలడం మొదలై గ్యాస్ వదులుతుంది, పట్టు జారిపోతుంది. నిండు లోడుతో ర్యాంప్ దిగే బండిని ఒక్కసారిగా ఆపితే పైపొరకు ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు.

మంచి మాల్ అయితే అంచు మీద కంపెనీ గుర్తు, మాల్ నంబరు, ఆ తర్వాత రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. 'ఈ' అంటే ఘర్షణ గుణకం (ఎంత పట్టు ఉందో చెప్పే అంకె) 0.25–0.35, 'ఎఫ్' అంటే 0.35–0.45. మొదటి అక్షరం మామూలు పట్టు, రెండోది కాగినప్పటి పట్టు. 0.40 ఉండాల్సింది 0.30కి పడితే డిస్క్ బ్రేకులో నాలుగో వంతు బలం పోయినట్టే. డ్రమ్‌లో అంతకన్నా ఎక్కువే పోతుంది, షూ తనంతట తాను బిగుసుకునే గుణం కూడా తగ్గుతుంది కాబట్టి.

షాపోళ్లు చెప్పనిది ఇంకొకటుంది. ఆ మొదటి అక్షరాన్ని కూడా సుమారు 93–204 డిగ్రీల మధ్యే కొలుస్తారు. రాత్రంతా వాలు మీద నిలబెట్టిన బండి బ్రేకుకు అంత వేడి ఎక్కడిది? "సింటర్డ్ మాల్, ఎంత వేడైనా తట్టుకుంటది" అని అమ్మే, లోహపు పొడిని కాల్చి గట్టిపరిచిన లైనింగుల్లో కొన్ని చల్లగా ఉన్నప్పుడే సరిగా పట్టవు. అందుకే పొద్దున బ్రేకు చల్లగా ఉండగా, లోడుతో, మాన్యువల్‌లో రాసినంత వాలు మీద నిలబెట్టి చూడండి. చక్రాలకు కాస్త ఎడంగా దిమ్మెలు వెయ్యండి, దిగువన మనిషన్నవాడు ఉండొద్దు.

లైనింగ్‌ను షూకు బిగించే రివిట్లు ఇనుపవి వద్దు, ఇత్తడివో రాగివో అడిగి తీసుకోండి.

సీల్ కిట్ (బ్రేకు పిస్టన్ దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) దగ్గర మోసం కన్నా తెలియనితనమే ఎక్కువ. మినరల్ ఆయిల్ సిస్టమ్‌కు నైట్రైల్, డాట్ 3 రకం బ్రేక్ ఫ్లూయిడ్‌కు ఈపీడీఎమ్ రబ్బరు కావాలి. తారుమారైతే సీల్ ఉబ్బి పిస్టన్ ఇరుక్కుంటుంది. స్ప్రింగ్‌తో పట్టి ఆయిల్ ప్రెషర్‌తో వదిలే బ్రేకు అప్పుడు పూర్తిగా పట్టదు, లేదా పూర్తిగా వదలక రాసుకుంటూ కొత్త లైనింగ్‌ను కాల్చేస్తుంది. రెండు రకాల రబ్బరూ నల్లగానే ఉంటాయి, చూసి పోల్చలేం. రబ్బరు రకం, లైనింగ్ కోడ్ రెండూ బిల్లులో రాయించండి. రాయనంటే ఆ షాపు వదిలెయ్యండి.

పాత షూలు విప్పేటప్పుడు ఎయిర్ కొట్టించకండి. ఆ దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవమనండి.