ఐనేచురలిస్ట్‌లో మాత్‌ల నమోదు: రికార్డుకు భేష్, గుర్తింపుకు జాగ్రత్త

దీపానికి వచ్చే మాత్‌ల పేర్లు తెలుసుకుని, వివరాలు దాచుకోవడానికి ఉన్న ఉచిత సేవల్లో ఐనేచురలిస్ట్‌కే మా ఓటు. ఫొటో ఎక్కిస్తే యంత్రం ఒక పేరు సూచిస్తుంది, మిగతా సభ్యులు చూసి తాము గుర్తించిన పేరు చెబుతారు. కానీ ఫొటో ఎక్కించగానే అది చూపించే పేరును అలాగే రాసేసుకుంటామంటే మాత్రం చిక్కే. సీతాకోకచిలుకలు 18,000 జాతులైతే మాత్‌లు దాదాపు 1,60,000. యంత్రం నేర్చుకున్నది ఎక్కువ ఫొటోలున్న జాతులనే. కాబట్టి అరుదైన మాత్‌ను దానిలాగే ఉండే మామూలు మాత్ పేరుతో పిలుస్తుంది, అదీ తడబాటు లేకుండా. యూరప్‌లోని గ్రే డాగర్, డార్క్ డాగర్ అనే రెండు మాత్‌లనే చూడండి. గొంగళిపురుగులుగా ఉన్నప్పుడు ఇట్టే తెలిసిపోతాయి. రెక్కలొచ్చాక జననాంగాలు పరీక్షిస్తే తప్ప కచ్చితంగా తేల్చలేం. అలాంటిచోట ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరే ఆగడం మర్యాద.

ఆగమనడానికి లెక్క కూడా ఉంది. రికార్డు 'రీసెర్చ్ గ్రేడ్' (పరిశోధనకు పనికొచ్చే స్థాయి) కావాలంటే ఫొటో, తేదీ, చోటు ఉండాలి. కనీసం ఇద్దరు గుర్తించాలి. మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి అనాలి. తొందరపడి మీరు తప్పు జాతి పెడితే, సరైన పేరు ఇద్దరు చెప్పినా చాలదు, మూడోవారు రావాలి. కుటుంబం (ప్రజాతి కంటే పెద్ద గుంపు) పేరు మాత్రమే పెట్టి ఉంటే ఆ ఇద్దరితోనే పని అయిపోయేది. ఎవరో పేరు చెప్పగానే కృతజ్ఞతగా 'అగ్రీ' నొక్కే అలవాటు మరీ చెడ్డది. తేడా మీకే కనిపించనప్పుడు అది రెండో సాక్ష్యం ఎలా అవుతుంది?

ఫొటోలు బాగుంటే సగం గొడవ తీరుతుంది. రెక్కలు పైనుంచి నిటారుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, మీసాలు కనిపించేలా ఇంకొకటి. వీలైతే వెనక రెక్క, కొలతకు పక్కన స్కేలు. మాత్‌లు వాలడానికి దీపం దగ్గర కట్టే తెల్లగుడ్డ మీద కెమెరా మోసపోయి మాత్‌ను నల్లగా తీస్తుంది, ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1 దాకా పెంచండి. యూవీ దీపం వెలుగులోనే తీస్తే అంతా ఊదారంగే. ఫ్లాష్‌గానీ తెల్లటి టార్చిగానీ వాడాలి.

ఎక్కించేటప్పుడు ఒకే మాత్ ఫొటోలన్నీ ఒకే నమోదులో కలపాలి. విడివిడిగా పెడితే ఒక్క పురుగే నాలుగవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం, జీపీఎస్ ఉండవు, చేత్తో నింపాలి. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందన్నదీ, కెమెరా గడియారం సరిగా ఉందా అన్నదీ చూసుకోండి. మ్యాపులో చోటు ఎంత కచ్చితమో చూపుతూ దాని చుట్టూ వచ్చే వలయం కిలోమీటర్లకొద్దీ ఉంటే ఆ రికార్డు దాదాపు దండగ, 50 మీటర్లకు కుదించండి. ఇంటి చిరునామా బయటపడుతుందనిపిస్తే అసలు చోటును దాచే 'అబ్‌స్క్యూర్డ్' పెట్టుకోవచ్చు.

రికార్డు లైసెన్సు 'ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్' (అన్ని హక్కులూ మీవే)గా ఉంటే అది జీబీఐఎఫ్‌కు, అంటే ప్రపంచవ్యాప్త జీవజాతుల రికార్డుల భాండాగారానికి, చేరదు. సొంత నకలు కావాలంటే సీఎస్‌వీ ఫైలుగా (పట్టిక రూపంలో) దించుకోవచ్చు. అందులో ఫొటోల లింకులే వస్తాయి, ఫొటోలు రావు. అసలు ఫైళ్లు మీ డిస్కులో ఉంచుకోండి.